నూరు కవర్లు

ఓటు వేసి గుమ్మం వైపు తిరిగాను. సంతకాల జాబితా ముందు కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "సాయంత్రం ఆరింటికి మీకు వీలవుతుందా మేడం? లెక్కింపుకు మనుషులు చాలేలా లేరు" అన్నారు. పెళ్ళింట్లో వడ్డనకు మనిషి తక్కువైతే పక్కింటివాళ్ళను కేకేసినట్టుంది ఆ పిలుపు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మా నాన్నగారు తూర్పు గోదావరి జిల్లాలో హైస్కూలు టీచరుగా చేశారు. ఎన్నికలు వస్తున్నాయంటే ఇంటికి ఉత్తర్వు వచ్చేది. జ్వరమొచ్చినా తప్పించుకునే వీలు లేదు. కౌంటింగ్ డ్యూటీ పడితే మెడలో పాసు, గేటు దగ్గర తుపాకులు, బల్లలకు అడ్డంగా ఇనప వల, ఆ వల అవతల ఏజెంట్ల కేకలు. మధ్యాహ్నం పులిహోర పొట్లం. ఆ కబుర్లు వింటూ పెరిగినదాన్ని. ఓట్లు లెక్కపెట్టడమంటే ప్రభుత్వం వేసే శిక్షలాంటి గౌరవం అనుకునేదాన్ని.

"నేను ప్రభుత్వోద్యోగిని కానండీ" అన్నాను.

"నేనూ కాను, రిటైరైన నర్సును. మీరు ఈ బూత్ ఓటరే కదా? చదవడం, రాయడం వచ్చు కదా? అంతే కావాలి."

అది 2024 జూన్ 30, ఆదివారం. గ్రెనోబుల్ శివార్లలో ఒక చిన్న పట్టణం, అందులో ప్రాథమిక పాఠశాల భోజనశాల మా బూత్. నేను ఫ్రాన్స్‌లో మొదటిసారి ఓటు వేసి అప్పటికి సరిగ్గా మూడు వారాలు.

ఆ ఓటు దగ్గరికి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2012లో ఎంఎస్ చదవడానికి గ్రెనోబుల్ వచ్చాను. ఇక్కడి లోయంతా చిప్‌ల పరిశ్రమ. చదువయ్యాక ఉద్యోగం కూడా ఇక్కడే దొరికింది. 2019లో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాను. 55 యూరోల స్టాంపు, ఫ్రెంచి పరీక్ష బీ1 స్థాయిలో, పన్ను రశీదులు, ఇంటి అద్దె రశీదులు. ఇవన్నీ తేలికే. నన్ను ఏడిపించింది మా అమ్మానాన్నల పెళ్ళి. వాళ్ళ పెళ్ళి రుజువు కావాలన్నారు. శుభలేఖ ఉంది, ఫొటోలున్నాయి, మంగళసూత్రం ఉంది. సర్టిఫికెట్ మాత్రం లేదు. పెళ్ళయిన ముప్పై అయిదేళ్ళకు ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ సంతకాలు పెట్టారు. అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. (2026 జనవరి నుంచి భాష స్థాయి బీ2కి పెంచారు, పౌర విజ్ఞాన పరీక్ష ఒకటి పెట్టారు. నేను ముందే గట్టెక్కాను.)

తర్వాత ఇంటర్వ్యూ. దీనికి చదువుకోవాల్సినది 'పౌరుడి పుస్తకం' అనే చిన్న పొత్తం. రాజుల పేర్లు, నదుల పేర్లు, రిపబ్లిక్ చిహ్నాలు. నేను పోటీ పరీక్షల పిల్లలా రంగు పెన్నులతో గీతలు గీసి బట్టీ పట్టాను. ఒక శనివారం బస్సెక్కి విజీల్ కోటకు కూడా వెళ్ళి వచ్చాను. ఇప్పుడది ఫ్రెంచి విప్లవ మ్యూజియం. 1788 జూన్ 7న గ్రెనోబుల్‌లో స్థానిక న్యాయమూర్తులను రాజు ప్రవాసానికి పంపబోతే జనం ఇళ్ళ పైకెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు. 'పెంకుల రోజు' అనే పేరు అలా వచ్చింది. ఆ తర్వాత నెలన్నరకు, జులై 21న, మతగురువులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధులూ రాజు అనుమతి లేకుండానే విజీల్ కోటలో సమావేశమయ్యారు. పారిస్‌లో బాస్తీ కోట కూలి విప్లవం మొదలవడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. ఈ సంగతి చెప్పేటప్పుడు గ్రెనోబుల్ వాళ్ళ గొంతులో ఒక అతిశయం వినిపిస్తుంది. మా ఊరి కుర్రాడే మొదట చెరువు ఈదాడు అన్నట్టు.

ఇంటర్వ్యూ రోజున నా ఎదుట కూర్చున్న అధికారిణికి యాభై ఏళ్ళుంటాయి. మొదట మామూలు ప్రశ్నలే. సెలవు రోజుల్లో ఏం చేస్తారు, ఏ పత్రిక చదువుతారు, స్నేహితులెవరు. తర్వాత, "ఫ్రాన్స్‌లో స్త్రీలకు ఓటు హక్కు ఎప్పుడు వచ్చింది?"

"1944లో. మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్‌లో."

"మీ దేశంలో?"

ఇది పుస్తకంలో లేదు. "అందరికీ 1950 రాజ్యాంగంతో వచ్చింది. కానీ మా ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ ఆస్తి ఉన్న స్త్రీలకు 1921లోనే ఇచ్చారు" అన్నాను. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఆ కాగితం మీద ఏదో రాసుకున్నారు కూడా. మానవ హక్కుల ప్రకటన 1789లో రాసిన దేశం ఆడవాళ్ళ ఓటు దగ్గర నూట యాభై ఏళ్ళకు పైగా తాత్సారం చేసింది. ఈ సంగతి వాళ్ళకు తెలియకపోలేదు. పరాయివాళ్ళు గుర్తుచేస్తే మాత్రం కాస్త ఇబ్బంది పడతారు.

అక్కడితో నా ధీమా అయిపోయింది. తర్వాతి ప్రశ్న "లాయిసిటే అంటే ఏమిటి?"

ధాటిగా చెప్పాను: "ప్రభుత్వం అన్ని మతాలనూ సమానంగా గౌరవించడం."

ఆవిడ కలం ఆగింది. "గౌరవించడం కాదు మేడం. మీకు ఏ మతం ఉందో ప్రభుత్వానికి తెలియదు. తెలుసుకోదు కూడా. 1905 చట్టం చూడండి. ముందు మనస్సాక్షి స్వేచ్ఛకు హామీ ఇస్తుంది. ఆ వెంటనే, ఏ మతాన్నీ గుర్తించం, ఎవరికీ జీతమివ్వం, ఎవరికీ గ్రాంటు ఇవ్వం అంటుంది."

నేను చెప్పింది మన దేశపు జవాబు. చిన్నప్పటినుంచి మన ముఖ్యమంత్రులు భద్రాద్రి కల్యాణానికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తీసుకెళ్ళడం టీవీలో చూశాను. అదే ముఖ్యమంత్రి రంజాన్‌కు ఇఫ్తార్ విందు ఇస్తారు, క్రిస్మస్‌కు కేకు కోస్తారు. అందరి ఇంటికీ వెళ్ళివచ్చే పెద్దమనిషి మన ప్రభుత్వం. ఫ్రెంచి ప్రభుత్వం ఎవరి ఇంటి గడపా తొక్కనంటుంది. రెంటికీ 'లౌకికవాదం' అని ఒకే పేరు పెట్టుకుని నేను రెండేళ్ళుగా చదువుకుంటున్నాను.

ఆల్సాస్, మోజెల్ ప్రాంతాల్లో చర్చి గురువులకు ఇప్పటికీ ప్రభుత్వమే జీతమిస్తుందని, 1905లో ఆ ప్రాంతాలు జర్మనీ చేతిలో ఉండడంతో చట్టం అక్కడికి చేరలేదని నాకు తెలుసు. అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. పని కోసం వెళ్ళినచోట వాదన పెట్టుకోకు అన్న నాన్నగారి మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ ఒక్క తప్పుకు దరఖాస్తు కొట్టేస్తారేమోనని చాలా నెలలు నిద్ర పట్టలేదు. కొట్టేయలేదు. 2022లో నా పేరు అధికారిక గెజెట్‌లో అచ్చయింది. నాంత్ నగరంలోని కార్యాలయం నాకు కొత్త జనన ధృవపత్రం ఇచ్చింది. పుట్టింది కాకినాడలోనే, కాగితం మాత్రం ఫ్రెంచిది. ప్రిఫెక్చర్ అనే జిల్లా ప్రభుత్వ కార్యాలయంలో సభ పెట్టి, ఫ్రెంచి జాతీయగీతం మార్సెయేజ్ పాడించారు. మూడు వరసలు వచ్చు, తక్కినది పెదవులు కదిపాను. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి భారతీయ పాస్‌పోర్టు అప్పగించాను. రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చారు. ఆ సాయంత్రం గురించి ఇంతకంటే రాయలేను.

ఇక్కడ యానాం గుర్తుకొస్తుంది. మా అమ్మమ్మగారి ఊరికి గోదావరి అవతలి ఒడ్డే యానాం. 1962 ఆగస్టు 16న ఫ్రెంచి స్థావరాలు చట్టప్రకారం భారతదేశంలో కలిశాక, అక్కడి వాళ్ళకు ఆరు నెలల గడువిచ్చి, కావాలనుకుంటే ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చన్నారు. ఒక్క సంతకంతో అన్నదమ్ములు రెండు దేశాలవాళ్ళయిన కథలు అమ్మమ్మ చెబుతుండేది. వాళ్ళు ఆరు నెలల్లో తేల్చుకున్నది నాకు పదేళ్ళు పట్టింది.

కాగితం వచ్చాక కూడా ఈ దేశపు రాజకీయం నాకు ఎదురింటివాళ్ళ గొడవలాగే ఉండేది. 2023 మార్చిలో పింఛను వయసు 62 నుంచి 64కు పెంచే బిల్లును ప్రభుత్వం ఓటింగు లేకుండానే, రాజ్యాంగంలోని 49.3 అధికరణం వాడి నెగ్గించుకుంది. మా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన ఉన్నారు. గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆయన మరుసటి వారం సమ్మెకు వెళ్తున్నానని మెయిలు పెట్టారు. ఏ సంఘంలోనూ సభ్యుడు కాదు. ఇక్కడ పదిమంది ఉద్యోగుల్లో సంఘ సభ్యుడు సుమారుగా ఒక్కడే. అయినా ఊరేగింపు రోజున వీధులు నిండిపోతాయి.

"ఓటు వేసి గెలిపించుకున్న ప్రభుత్వమే కదా, మళ్ళీ వీధిలోకి ఎందుకు?" అని అడిగాను. ఆయన చాలా ఓపికగా చెప్పారు. అంతకు ముందున్న రాజ్యాంగ కాలంలో, అంటే నాలుగో రిపబ్లిక్‌లో, పన్నెండేళ్ళకు ఇరవైకి పైగా ప్రభుత్వాలు పడిపోయాయట. అందుకని 1958లో ద గాల్ కాలపు రాజ్యాంగం అధ్యక్షుడి చేతికి, ప్రభుత్వం చేతికి గట్టి పగ్గాలిచ్చింది. 49.3 అలాంటి పగ్గమే. "పార్లమెంటులో ఆపడానికి వీలు లేనప్పుడు వీధే మిగులుతుంది. రాజు గట్టిగా ఉంటే పెంకులూ గట్టిగానే పడతాయి" అని నవ్వారు. పెంకులు విసిరిన సంగతి రెండు వందల ముప్పై అయిదేళ్ళ కిందటిదని ఆయనకు తట్టినట్టు లేదు. మన ఇళ్ళలో రాముడు వాలిని చెట్టు చాటునుంచి కొట్టడం న్యాయమా అని నిన్న జరిగినట్టు వాదించుకుంటాం కదా, అలాగే ఉంది. నేను ఊరేగింపుకు వెళ్ళలేదు. పేవ్‌మెంటు మీద నిలబడి చూశాను. మెర్గేజ్ సాసేజీలు కాల్చే బండి పొగలోంచి పిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు వెళ్తున్నారు. తిరునాళ్ళలా ఉందనిపించింది.

2024 జూన్ నెల వేరు. జూన్ 4న ఆంధ్రలో ఓట్ల లెక్కింపు. ఆఫీసులో కూర్చుని దొంగచాటుగా ఫోన్లో చూస్తూనే ఉన్నాను. ఆ ఓటు ఇక నాది కాదు. అయిదు రోజులకు, జూన్ 9న, ఐరోపా పార్లమెంటుకు ఇక్కడ నా మొదటి ఓటు. ఓటు అభ్యర్థికి కాదు, అభ్యర్థుల జాబితాకు. మొత్తం 38 జాబితాలు పోటీలో ఉన్నాయి. ఇక్కడ యంత్రం లేదు, గుర్తులు లేవు, బ్యాలెట్ మీద ముద్ర వేయడమూ లేదు. ఒక్కో జాబితాకు ఒక్కో కాగితం. పొడవాటి బల్లల మీద కాగితాల దొంతరలు వరసగా పెట్టి ఉన్నాయి. నేను నాకు కావలసిన కాగితం ఒక్కటి తీసుకుని, కవరు పట్టుకుని, గర్వంగా తెరగది వైపు నడిచాను.

"మేడం! ఒక్కటే తీసుకుంటే ఎలా? మీ ఓటు ఎవరికో అందరికీ తెలిసిపోదూ?"

వెనక్కి వెళ్ళి ఇంకో నాలుగు తీసుకున్నాను. తెర చాటున ఒకటి కవర్లో పెట్టి, మిగిలినవి సంచిలో దాచాను. ఆ తెరగది 1913 చట్టంతో వచ్చింది. అంతకు ముందు అలాంటి చాటు ఉండేది కాదు. పెట్టె నాలుగు వైపులా అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. కవరు లోపల పడగానే అక్కడున్నాయన "ఆ వొతే!" అని గట్టిగా అన్నారు. 'ఓటు వేశారు' అని అర్థం. వేలికి సిరా లేదు. ఉట్టి వేలు చూసుకుంటే ఏదో వెలితి.

ఆ రాత్రే ఎనిమిది దాటాక అధ్యక్షుడు మక్రాన్ టీవీలో కనిపించి, పార్లమెంటు దిగువ సభ అయిన జాతీయ సభను రద్దు చేశానన్నారు. మూడు వారాల్లో ఎన్నికలు. నేను గిన్నెలు తోముతున్నాను. మా ఆయన వచ్చి, "నువ్వు ఓటు వేశావు, ప్రభుత్వం కూలింది" అన్నారు.

అలా జూన్ 30 సాయంత్రం ఆరింటికి ఆ భోజనశాలకు తిరిగి వెళ్ళాను. బయట గోడ పక్కన అభ్యర్థుల పోస్టర్ల పలకలు, అందరికీ ఒకే కొలత. పోలీసులు లేరు. ఎన్నికల కమిషన్ అనేదే ఇక్కడ లేదని నాకు ఆ రోజే తెలిసింది. ఎన్నికలు నడిపేది హోం శాఖ, ఊళ్ళలో మేయర్లు. మన దగ్గర ఎవరైనా ఈ ఏర్పాటు సూచిస్తే ఆ రోజే బంద్‌కు పిలుపు వస్తుంది.

ముందు పెట్టె తెరిచి కవర్లు లెక్కపెట్టారు. సంతకాల లెక్కతో సరిపోయింది. నూరేసి కవర్లను ఒక పెద్ద కవర్లో పెట్టి బల్లకొకటి ఇచ్చారు. బల్లకు నలుగురం. మా బల్ల దగ్గర నిక్కరు వేసుకున్న కాలేజీ కుర్రాడు, బేకరీ నడిపే ఆవిడ, రిటైరైన ప్లంబరు గారు, నేను. బల్లలు పిల్లలవి, మోకాళ్ళు పట్టవు. బేకరీ ఆవిడ కవరు చించి కాగితం విప్పి ప్లంబరు గారికి ఇస్తారు. ఆయన పేరు పైకి చదువుతారు. కుర్రాడు, నేను ఎవరి గళ్ళ కాగితం మీద వాళ్ళం పెన్సిలుతో గీత పెడతాం. ఎవరికైనా పది నిండితే ఇద్దరం ఒకేసారి "పది!" అనాలి. చుట్టూ ఎవరైనా నిలబడి చూడవచ్చు. ఒక ముసలాయన చేతిలో కుక్క తాడుతో మా వెనకే నిలబడ్డాడు.

ప్లంబరు గారు అన్ని పేర్లూ ఒకే గొంతుతో చదివారు. ఆయన ఓటు ఎవరికో ఆ గొంతులో వెతికాను, దొరకలేదు. ఒక కవర్లో ఒకే అభ్యర్థి కాగితాలు రెండున్నాయి. ఒక్క ఓటుగా లెక్క. ఒకదానిలో అభ్యర్థి పేరు మీద మీసాలు గీశారు, చెల్లదు. ఒక కవరు ఖాళీ. అది 'తెల్ల ఓటు'. 2014 చట్టం నుంచి తెల్ల ఓట్లను విడిగా లెక్కిస్తారు కానీ శాతాల్లోకి తీసుకోరు. మన నోటాకు దూరపు చుట్టం. ఇంకో కవర్లో కిరాణా చీటీ వచ్చింది: గుడ్లు, వెన్న, బట్టల సబ్బు. కావాలని పెట్టారా, పొరపాటున పెట్టారా అని బేకరీ ఆవిడ కాసేపు వాదించారు. "ఓటు కాగితం సంతకు వెళ్ళుంటుంది" అన్నాడు కుర్రాడు. చెల్లని వాటిలో వేశాం.

నూరూ అయ్యాయి. ఒక అభ్యర్థికి కుర్రాడి దగ్గర 38, నా దగ్గర 37.

తప్పు నాదే. కుక్క నా కాలు నాకినప్పుడు ఒక గీత పెట్టడం మరిచిపోయి ఉంటాను. "పోనీ, ఒక్కటే కదా" అని ఎవరూ అనలేదు. విసుక్కోనూ లేదు. నూరు కాగితాలు మళ్ళీ మొదటినుంచి చదివారు ప్లంబరు గారు, అదే గొంతుతో. ఈసారి 38. పక్క బల్లల వాళ్ళు అప్పటికి రెండో కట్టలో ఉన్నారు. చెవులు వేడెక్కాయి నాకు.

ఆ రెండు గంటల్లో నన్ను ఎక్కడినుంచి వచ్చారని ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూలో అధికారిణి చెప్పింది ఇదేనేమో అనుకున్నాను. ఇది మనసుకు హాయినిస్తుందా? అవును. కులం గడి లేని ఫారాలు నింపడం మొదట్లో నాకు సెలవులా ఉండేది. కానీ ఈ 'తెలియదు' అనడంలో ఒక గుడ్డితనం కూడా ఉంది. మా ఆఫీసులో అల్జీరియా మూలాలున్న సహోద్యోగిని పోలీసులు రైలు స్టేషన్లో ఆపి గుర్తింపు కార్డు అడగడం నా కళ్ళతో చూశాను. పక్కనే ఉన్న తెల్లాయనను అడగలేదు. రిపబ్లిక్‌కు రంగు తెలియకపోవచ్చు, దాని ఉద్యోగికి తెలుస్తుంది. రంగు, జాతి లెక్కలు తీయడాన్ని చట్టం దాదాపుగా అడ్డుకుంటుంది కాబట్టి, ఎంతమందిని ఆపుతున్నారో అంకెల్లో చూపించడమూ కష్టమే. మన దగ్గర కులగణన మీద జరిగే వాదన మొత్తం ఇక్కడ తలకిందులుగా నడుస్తుంది.

చివర గళ్ళ కాగితాల మీద మేం సంతకాలు చేయాలి. నా సంతకం ఎప్పుడూ తెలుగులోనే. బూత్ అధ్యక్షుడు కాగితం కాస్త దూరంగా పట్టుకుని చూసి, "బాగుంది" అని, కింద తన సంతకం గీకేశారు.

ఫలితం పైకి చదివాక అసలు ఆశ్చర్యం. చెల్లనివి, తెల్లవి అధికారిక నివేదికకు జతచేసి, తక్కిన ఓటు కాగితాలను అందరి ముందూ చింపేయడం మొదలుపెట్టారు. నా చేతికీ ఒక దొంతర ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే నాన్నగారికి ఫోను చేశాను.

"చింపేశారా? మరి రీకౌంటింగ్ అడిగితే?"

"అడగడానికి ఏమీ మిగలదు నాన్నగారూ. సంతకాల కాగితాలే మిగులుతాయి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన కాలంలో ఒక్క కట్ట తేడా వస్తే తెల్లారేదాకా కూర్చోబెట్టేవారు. "మరి భోజనం పెట్టారా?" అన్నారు ఆఖరికి.

"లేదు. ఇంటికొచ్చి చారన్నం తిన్నాను."

ఆ రోజు పోలింగు 66 శాతం దాటింది. 1997 తర్వాత జాతీయ సభ ఎన్నికల్లో అంత ఎక్కువగా ఎప్పుడూ లేదు. ఇక్కడ మొదటి విడతలో ఎవరూ గెలవకపోతే వారానికి రెండో విడత ఉంటుంది. చాలా నియోజకవర్గాల్లో ముగ్గురేసి రెండో విడతకు అర్హత పొందారు. నమోదైన ఓటర్లలో ఎనిమిదో వంతు వస్తే చాలు, రెండో విడతలో నిలబడవచ్చు. మంగళవారం సాయంత్రం గడువు లోపల రెండు వందల మందికి పైగా తమంతట తామే తప్పుకున్నారు, ఎదుటివాణ్ణి గెలిపించడానికి కాదు, నేషనల్ ర్యాలీ అనే తీవ్ర మితవాద పార్టీ అభ్యర్థిని ఆపడానికి. మొదటి విడతలో ఎంచుకుంటాం, రెండో విడతలో తీసేస్తాం అని ఇక్కడి మాట. పోటీలోంచి గెలిచే అవకాశం ఉన్న మనిషి ఊరికే తప్పుకోవడం నాకు ఎన్నికల కథలా అనిపించలేదు. నర్సమ్మగారిని అడిగితే, "2002లో నేను జీవితంలో ఎన్నడూ ఓటు వేయననుకున్న షిరాక్‌కు అధ్యక్ష ఎన్నికల్లో వేశాను, ల పెన్ అనే తీవ్ర మితవాదిని ఆపడానికి. ముక్కు మూసుకుని వేశాను" అన్నారు.

జులై 7న మళ్ళీ వెళ్ళాను. ఆ రాత్రి తేలింది ఏమిటంటే, 577 స్థానాల సభలో మెజారిటీకి కావలసిన 289 ఎవరికీ రాలేదు. అది తర్వాతి సంగతి. సాయంత్రం ఆరింటికి నేను వెళ్ళేసరికి ప్లంబరు గారు మా బల్ల దగ్గర ఒక పిల్లల కుర్చీ మీద తన టోపీ పెట్టి ఉంచారు. టోపీ తీసి, "ఈసారి గీతలు వద్దు, మీరు చదవండి" అన్నారు.

నా యాసతో పేర్లన్నీ పాడవుతాయన్నాను. ఫరవాలేదన్నారు. బేకరీ ఆవిడ మొదటి కవరు విప్పి, లోపలికి చూసి, తలకిందులు చేసి దులిపి, నా ముందు పెట్టారు. ఏమీ లేదు.

"తెల్ల ఓటు" అని చదివాను.